మూడుసార్లు పిలిచాం, రాలేదు

2021 డిసెంబరు. విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి, మొదటి అంతస్తులో చెవి, ముక్కు, గొంతు విభాగం. నేను అక్కడ రికార్డ్ అసిస్టెంట్‌ని. పేరుకి రికార్డులు చూసే ఉద్యోగం. ఫైళ్లు మోయడం, స్టాంపులు వేయడం, వివరాలు కంప్యూటర్లో ఎక్కించడం, ఫ్యాను ఆగిపోతే ఎలక్ట్రీషియన్ని బతిమాలుకోవడం, అన్నీ అందులోకే వస్తాయి. వాటన్నిటిలో నాకు ఇష్టమైనది పేర్లు పిలవడం. కంచరపాలెంలో మా ఇల్లు రైలు పట్టాల పక్కన. గూడ్సు బండిని దాటించి మాట్లాడితేగాని అన్నం పెట్టమని అమ్మకి వినిపించేది కాదు. ఆ గొంతు తర్వాత చర్చిలో పాటలకి పనికొచ్చింది, ఆ తర్వాత ఆసుపత్రికి. "ప్రభుదాసు పిలిస్తే కింద క్యాంటీన్లో ఉన్నవాడు కూడా లేచి వస్తాడు" అనేవారు మావాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా ఒక అంగుళం పెరిగేవాణ్ణి.

వారానికి రెండు రోజులు మా దగ్గర సదరం క్యాంపు. తెలియనివారి కోసం చెబుతాను. వికలాంగుల పెన్షన్ రావాలంటే, లోపం ఎంత శాతమో డాక్టర్లు పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. దాన్ని అందరూ సదరం అంటారు. దానికి ముందు వార్డు సచివాలయంలో స్లాట్ తీసుకోవాలి. స్లాట్ అంటే ఫలానా రోజు ఫలానా ఆసుపత్రికి రమ్మని కంప్యూటర్ ఇచ్చే తారీఖు. కరోనాలో క్యాంపులు ఆగిపోయి, మళ్లీ తెరిచేసరికి, ఆగిన జనమంతా ఒక్కసారి మీద పడ్డారు. స్లాట్లు తెరిచిన అరగంటకే నిండిపోయేవి. ఒక తారీఖు తప్పితే ఇంకోటి దొరకడానికి నాలుగైదు నెలలు పట్టేది.

మా పద్ధతి ఇది. లిస్టు ప్రకారం పేరు పిలుస్తాం. పలకకపోతే కాసేపు ఆగి మళ్లీ పిలుస్తాం. మూడోసారికీ రాకపోతే రిజిస్టర్లో ఎర్ర సిరాతో "ఎ" అని రాసి, పక్కన "మూడుసార్లు పిలిచాం, రాలేదు" అని రాస్తాం. ఎ అంటే ఆబ్సెంట్. సాయంత్రం అదే కంప్యూటర్లోకి ఎక్కుతుంది. ఎక్కాక దాన్ని కదపడం మా వల్ల కాదు.

ఆ రోజు లిస్టులో పద్నాలుగో పేరు నూకరత్నం, జాలరిపేట. మూడుసార్లు పిలిచాను. మాస్కు వెనక నుంచి పిలిచినా నా గొంతు నా గొంతే. ఎవరూ లేవలేదు. ఎ రాసి పదిహేనో పేరుకి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం మూడు దాటాక, బెంచీలు ఖాళీ అయ్యాక, ఒకావిడ నా బల్ల దగ్గరికి వచ్చింది. నలభై, నలభై రెండు ఉంటాయి. ముదురాకుపచ్చ చీర, కొంగు నడుముకి బిగించి ఉంది. దగ్గర చేపల వాసన. మాట మొదలెట్టగానే బల్ల మీద గాజు గ్లాసు అదిరింది.

"నా పేరు ఎప్పుడు పిలుత్తావు బాబూ?"

పేరు అడిగాను. ఆవిడ నా మొహం వంక చూస్తూ నిలబడింది. మళ్లీ అడిగాను.

"ఆ మూతికున్న గుడ్డ తీసి మాటాడు" అంది.

ఇరవై రెండేళ్ల సర్వీసు. డాక్టర్లే నన్ను గారూ అని పిలుస్తారు. మూతి అనేసరికి నాకు ఎక్కడో కాలింది. కరోనా రోజులమ్మా, తీయకూడదు అని కసిరాను. ఆవిడ చేతిలో స్లాట్ కాగితం చూసి పేరు తెలుసుకుని, రిజిస్టర్ తిప్పి చూపించి, మీరు టీకి వెళ్లిన టైములో అయిపోయింది, మళ్లీ స్లాట్ తీసుకోండి అని తలుపు వైపు చెయ్యి చూపించాను. ఆవిడ ఆ చెయ్యి వంక చూసింది, రిజిస్టర్ వంక చూసింది. "నానిక్కడే కూకున్నాను కదా" అని రెండుసార్లు అని, మెట్లు దిగి వెళ్లిపోయింది. పద్ధతి ప్రకారం చేశానన్న తృప్తితో నేను ఇంటికెళ్లి అన్నం తిన్నాను.

మళ్లీ నూకరత్నం పేరు మా లిస్టులో కనపడింది 2022 ఏప్రిల్ చివర్లో. అప్పటికి ఊళ్లో మాస్కులు తగ్గాయి గాని ఆసుపత్రిలో మాకు తప్పనిసరి. ఆ పేరు నాకు గుర్తు లేదు. మూడుసార్లు పిలిచాను. ఎ రాశాను. మూడింటికి ఆవిడ వచ్చి నిలబడ్డాకే పాత సంగతి గుర్తొచ్చింది.

ఈసారి ఆవిడ ఏమీ అడగలేదు. రిజిస్టర్లో తన పేరు వెతికి పట్టుకుని, పక్కనున్న ఎర్ర అక్షరం మీద వేలు పెట్టింది.

"ఇదేటి?"

"మీరు రాలేదని."

నా మాట అందలేదు గాని, నేను తల అడ్డంగా ఊపడం అందింది. అంతే, వరండా దద్దరిల్లింది.

"నాను రానేదా? పొద్దున్న ఏడింటికి నువ్వు తాళం తీసినప్పుడు ఎనకాల నిలబడింది ఎవురు? మొదటి తాళం సెవి పట్టనేదు, రెండోది పెట్టావు. టీ తెచ్చినోడి మీద కోప్పడి సగం గళాసు కిటికీలో వొగ్గేశావు. ఇంకా అక్కడే ఉన్నాది సూడు. పదకొండింటికి ఓ ముసలాయన కళ్లు తిరిగి పడిపోతే నువ్వే ఒళ్లో తల పెట్టుకుని నీళ్లు తాగించావు. మంచోడివే అనుకున్నాను. మద్దినేల నీ సెప్పు తెగింది. పిన్నీసు పెట్టుకున్నావు. నాను రాకపోతే ఇదంతా ఎవురు సూశారు?"

కిటికీలో సగం గ్లాసు ఉంది. చెప్పుకి పిన్నీసు ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నన్ను ఇంత శ్రద్ధగా మా ఆవిడ కూడా ఎప్పుడూ చూడలేదు. ఇన్ని చూసిన మనిషి, గజం దూరంలో కూర్చుని, నా పిలుపు ఒక్కటీ వినలేదు.

అప్పుడు నాకు వెలిగింది. మాస్కు గడ్డం కిందికి లాగి, గొంతు పైకి రానివ్వకుండా పెదాలతో మాత్రం "నూకరత్నం" అన్నాను.

"ఆఁ, సెప్పు" అంది వెంటనే.

మాస్కు పైకి లాక్కుని, వరండా చివరికి వినపడేలా "నూకరత్నం" అని అరిచాను. మెట్ల దగ్గర ఊడుస్తున్న ఆయమ్మ ఉలిక్కిపడి చూసింది. నూకరత్నం నా కళ్లలోకి చూస్తూ, ఇంకేం చెబుతానా అని ఎదురుచూస్తోంది.

కుర్చీలో కూర్చుండిపోయాను.

చెవిటివాళ్ల క్యాంపులో పేర్లు అరిచి పిలవడమేమిటని మీరు అడగొచ్చు. నాకు ఆ అనుమానం అంతకు ముందు ఒక్కనాడూ రాలేదు. వినపడనివాళ్లు సాధారణంగా ఒంటరిగా రారు. పక్కన తల్లో, కొడుకో ఉంటారు. నేను పిలుస్తాను, వాళ్లు భుజం తట్టి లేపుతారు. అలా ఏళ్లు గడిచిపోయాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని పెద్దలు దేన్ని వెక్కిరించారో దాన్ని నేను జీతం తీసుకుని, మంచి గొంతని మెప్పు కూడా పొందుతూ చేశాను.

ఆవిణ్ణి మా డాక్టర్ మేడమ్ గదిలో కూర్చోబెట్టాను. మేడమ్ మాస్కు తీసి ఎదురుగా కూర్చుని అడిగితే, కథ బయటికొచ్చింది. పదేళ్ల కిందట పెద్ద జ్వరం వచ్చి తగ్గింది, వినికిడి కూడా దానితోనే పోయింది. నూకరత్నం హార్బర్లో పాటకి వెళ్లి చేపలు కొని, వీధుల్లో తిరిగి అమ్ముతుంది. పాట అంటే వేలం. బోటు దిగిన చేపల్ని కుప్పలు పోసి ధర పాడతారు. కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది.

"సెవిటిదని తెలిత్తే పాటలో ముంచేత్తారు మేడమ్. అందికని ఎవురికీ సెప్పనేదు. పెదాలు సూసి తెలుసుకునీదాన్ని. మా ఆయనకి తప్ప పేటలో ఒక్క పురుక్కి తెలీదు. ఆయన బోటెక్కితే పదేసి రోజులు రాడు."

"మరి ఇప్పుడు ఎందుకొచ్చారు?"

"ఈ మూతిగుడ్డలొచ్చాయి కదా. నాకు సెవులు పోయింది జొరమప్పుడు కాదు, ఇప్పుడు. పాటలో ఎవుడేటంటన్నాడో తెలీనేదు. రెండుసార్లు పాడైన సరుకు నా నెత్తినేశారు. హార్బరుకి ఎల్లడం మానేశాను. ఎవురన్నా అరువిత్తే గుమ్మంలో ఎండుసేపలు ఎట్టుకుంటన్నాను. మా గుంట హాస్టల్లో ఉండి పదోతరగతి సదువుతోంది. దాన్ని కూడా రొయ్యల కంపెనీలోకి పంపీమంటన్నాడు మా ఆయన."

గుంట అంటే ఆడపిల్ల, ఇక్కడ కూతురు. పెన్షన్ వస్తే ఆ పిల్ల చదువు ఆగదు. ఆవిడకి కావలసింది అదీ. దానికోసం ఎవరికీ చెప్పకుండా, ఎవర్నీ తోడు తెచ్చుకోకుండా, రెండుసార్లు పొద్దున్న ఏడింటికి వచ్చి కూర్చుంది. రెండుసార్లూ నేను రాలేదని రాశాను.

ఇంకో స్లాట్ అంటే మళ్లీ నాలుగు నెలలు. మేడమ్ ఒకటే దారి ఉందన్నారు. తప్పు ఆసుపత్రిదని ఒప్పుకుంటూ లెటర్ పెడితే, పైవాళ్లు ఆ స్లాట్‌ని మళ్లీ తెరిచే అవకాశం ఉంది. "కానీ మీ మీదకి వస్తుంది ప్రభుదాసు గారూ. ఆలోచించుకోండి" అన్నారు. ఆలోచిస్తే రాయనని నాకు తెలుసు. అక్కడే నిలబడి రాశాను. "రెండు తేదీలలోనూ సదరు మహిళ హాజరైనారు. పిలుచుటలో లోపము నాది." కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పదిహేను రోజుల్లో నా కాళ్ల మీద ఒక మెమో పడింది. ఇంకో పది రోజులకి స్లాట్ తెరుచుకుంది.

జూన్‌లో ఆడియోమెట్రీ చేశారు. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇస్తారు. బయట టెక్నీషియన్ ఒక్కో శబ్దం వదులుతాడు. వినపడితే బటన్ నొక్కాలి. ఎంత చిన్న శబ్దం దాకా నొక్కారో దాన్నిబట్టి లోపం లెక్క కడతారు.

అరగంట తర్వాత మా టెక్నీషియన్ శ్రీను కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"బావా, ఈవిడ కోసమేనా నువ్వు మెమో తెచ్చుకున్నావు?"

"ఏమైంది?"

"ఏటవుద్ది? ఈవిడకి నీకన్నా బాగా ఇనిపిత్తంది. ఒక్కటంటే ఒక్కటి వదలకుండా నొక్కింది."

దొంగ సర్టిఫికెట్ల కోసం వచ్చేవాళ్లని మేము చూడకపోలేదు. కాళ్లు చక్కగా ఉన్నవాడు గది బయట చంకకర్ర తీసి పెట్టుకోవడం కూడా చూశాను. ఇంత నమ్మిన మనిషి మోసం చేసిందా అని కోపంతో వెళ్లాను. గాజు గదిలోంచి బయటికొస్తూ ఆవిడ మొహం వెలిగిపోతోంది. బడిలో ఫస్టొచ్చిన పిల్లలా ఉంది.

"అన్నీ నొక్కాను బాబూ! ఒక్కటీ వొగ్గనేదు!"

ఇంకోసారి చేయమని శ్రీనుని బతిమాలి, ఈసారి నేను పక్కన నిలబడి చూశాను. నూకరత్నం కళ్లు శ్రీను చేతి మీద ఉన్నాయి. అతని వేలు మీటని తాకగానే ఆవిడ వేలు బటన్ని నొక్కుతోంది. వేలు కనపడకపోతే అతని రెప్పల్ని చూస్తోంది. హార్బర్లో పదేళ్లు బతికించిన విద్యంతా ఆ గాజు గదిలో ప్రదర్శిస్తోంది.

నాకు నవ్వొచ్చింది. మాస్కు దించి అడిగాను, వినపడకపోయినా ఎందుకు నొక్కారమ్మా అని.

"నొక్కకపోతే ఇనపడనేదని తెలిసిపోద్ది కదా."

"తెలియడానికే కదా వచ్చాం!"

నేను చెప్పింది ఆవిడకి అర్థం కాకపోవడం కాదు. "నిజిమే. కానీ నొక్కకండా కూకోడం నాకు సేతకాలేదు బాబూ" అంది. "ఎదురుగా మనిసి సెయ్యి ఆడిత్తంటే, ఇనపడనేదన్నట్టు ఎలగ కూకుంటాం? సిగ్గుగా ఉండదేటి?"

గాజుకి నా తువ్వాలు కట్టి మూడోసారి చేశాడు శ్రీను. ఈసారి ఒక్కటీ నొక్కలేదు. కానీ ఒకే మనిషికి ఒకే రోజు మూడు రిపోర్టులు, రెండు వినపడుతుందని, ఒకటి వినపడదని. మేడమ్ కలం కింద పెట్టేశారు. "నేను మిమ్మల్ని నమ్ముతాను. కాగితం నమ్మదు. రేపు ఎవరైనా ఫైలు తిరగేస్తే ఈవిణ్ణి దొంగ అంటారు. బేరా చేయాలి" అన్నారు.

బేరా అంటే నటించడానికి వీల్లేని పరీక్ష. నుదుటికి, చెవుల వెనక వైర్లు అంటించి మనిషిని నిద్రపుచ్చుతారు. శబ్దం మెదడు దాకా చేరితే కంప్యూటర్లో గీత ఎగిసి పడుతుంది. పసిపిల్లలకీ, అనుమానం ఉన్నవాళ్లకీ అదే చేస్తారు. మాకు ఉన్న యంత్రం ఒకటి. దాని ముందు వరస మూడు నెలలు. అందులో నెల రోజులు యంత్రం రిపేరుకి వెళ్లింది. ఈ లోపల నూకరత్నం వారానికోసారి వచ్చి, నా బల్లకి ఎదురుగా నిలబడి, కనుబొమలు ఎగరేసి అడిగేది. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఒకసారి ఆకులో చుట్టి ఎండు నెత్తళ్లు తెచ్చింది. తీసుకోకూడదమ్మా అంటే, "లంచం అనుకుంటన్నావేటి? లంచమిచ్చీదాన్నయితే వంజరం తెత్తును" అంది. నెత్తళ్లు చవక చేపలు, వంజరం బాగా ఖరీదు.

సెప్టెంబరులో బేరా అయింది. మామూలుగా పెద్దవాళ్లకి ఆ వైర్లతో నిద్ర పట్టదు. నూకరత్నం పడుకున్న రెండు నిమిషాల్లో గుర్రు పెట్టింది. గుర్రు పెడితే గీతలు చెడిపోతాయని శ్రీను గోల. పక్కకి తిప్పి పడుకోబెట్టాం. గంటసేపు శబ్దం వదిలాడు. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా, చివరికి యంత్రం ఎంత ఇవ్వగలదో అంత. తెర మీద గీత ఎక్కడా లేవలేదు. శ్రీను వెనక్కి వాలి, "బావా, ఈవిడ పదేళ్లు పాట ఎలగ పాడింది?" అన్నాడు.

సర్టిఫికెట్ చేతికి ఇస్తుంటే ఏం రాశారని అడిగింది. రెండు చెవులూ వినపడవని రాశారు అన్నాను. మొహం మాడిపోయింది. తొమ్మిది నెలలు తిరిగింది ఆ మాట కోసమే, తీరా అచ్చులో చూసేసరికి తట్టుకోలేకపోయింది. నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంటూ, "ఇది పేటలో ఎవురికీ తెలీకూడదు" అంది. సచివాలయంలో ఇవ్వాలి కదమ్మా అంటే, "అక్కడ తప్ప" అంది.

కొత్త పెన్షన్లు అప్పట్లో ఆరు నెలలకోసారి మంజూరయ్యేవి. 2023 జనవరి లిస్టులో ఆవిడ పేరు వచ్చిందని నేనే కంప్యూటర్లో చూశాను. మా ఆవిడకి చెప్పాను. ఆ ఆదివారం చర్చిలో ఎవరి పేరూ చెప్పకుండా కృతజ్ఞత చెప్పుకున్నాను.

జనవరి ఆఖరులో నూకరత్నం వచ్చింది. కనుబొమలు ఎగరేయలేదు. నేరుగా బెంచీ మీద కూలబడింది.

"రానేదు బాబూ."

వాళ్ల వార్డు సచివాలయానికి ఫోన్ చేశాను. మంజూరు నిజమే. ఒకటో తారీఖు తెల్లవారుజామునే, ఇంటింటికీ పెన్షన్ పంచే వాలంటీరు వాళ్లింటికి వెళ్లింది. రెండో తారీఖు కూడా వెళ్లింది. మనిషి లేదని డబ్బు వెనక్కి కట్టేశారు. "ఇలా మూడు నెలలు వరసగా వెనక్కొస్తే ఊరు వదిలి వెళ్లిపోయారని పేరు తీసేస్తారు సార్" అన్నాడు అవతలి కుర్రాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఇక్కడ పూజారి కూడా ఇచ్చాడు, అది గుమ్మం దగ్గర ఆగిపోయింది.

ఎందుకో నాకు వెంటనే తట్టింది. తలుపు కొట్టి ఉంటారు. ఫిబ్రవరి ఒకటిన తెల్లారకముందే తలుపు తీసి గుమ్మంలో కూర్చోమని చెప్పాను. అయినా నాకు నమ్మకం లేకపోయింది. ఆ రోజు స్కూటర్ తీసుకుని జాలరిపేటకి నేనూ వెళ్లాను.

ఇంకా మసక వెలుతురే. సందులో గిన్నెల చప్పుడు, సముద్రం హోరు. నూకరత్నం గుమ్మంలో బాసింపట్టు వేసుకుని సందు మొదటి వైపు చూస్తూ కూర్చుంది. ఎదురింటి అరుగు మీద ఇంకొకావిడ చేపల బుట్టకి తాడు కడుతోంది. ఆవిడ పేరు ముత్యాలమ్మ అని తర్వాత తెలిసింది. వాలంటీరు వచ్చింది. చిన్నపిల్ల, ఆ వీధికి కొత్త. నూకరత్నాన్ని చూసి, "హమ్మయ్య, ఇవాళ ఉన్నారు. పోయిన నెల రెండు రోజులు తలుపు కొట్టానాంటీ. మీరు ఊళ్లో లేరని ఈ ఎదురింటి ఆంటీ చెప్పారు" అంది.

ఆ పిల్ల పెదాల మీద నుంచి మాట అందుకుని, నూకరత్నం ఒక్క ఊపున లేచింది. పెన్షన్ సంగతి మర్చిపోయింది. సందు దాటి వెళ్లి ముత్యాలమ్మ బుట్ట లాగి అవతల పారేసింది.

"ఏటే, నాను ఊళ్లో నేనా? లోపల తొంగున్నానని నీకు తెల్దా? నా పిల్ల నోటికాడ కూడు తీశావు కదే! నీకు నానేటి అన్నాయం సేశాను?"

సందులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. నూకరత్నం ఆగలేదు, ఇంకో రెండు మాటలు గట్టిగానే అంది. అప్పుడు ఎదురింటామెకీ ఒళ్లు మండింది.

"మరేటి సెప్పమంటావే? ఆ గుంట పావుగంట తలుపు బాదింది. లోపలే ఉన్నాది గానీ దానికి ఇనపడదు అని సెప్పమంటావేటి?"

నూకరత్నం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"నీకెలగ తెలుసు?"

"నాకేటి, పేటంతటికీ తెలుసు. ఆ జొరం కాడ నుంచీ తెలుసు." ముత్యాలమ్మ ఏడుస్తోంది, మళ్లీ తిడుతోంది. "పాటలో నీకు ఎదురుగా ఎందుకు నిలబడతామనుకున్నావు? ధర మళ్లీ మళ్లీ నా నోటితో ఎందుకంటాననుకున్నావు, నాకు మతిమరుపనుకున్నావా? రోడ్డు మీద నీ ఎనక బండొత్తే సెంగట్టుకు లాగింది ఎవురు? పెన్సనని నాకు తెలీదే తల్లీ. ఎవురో ఆఫీసోళ్లొచ్చారు, ఇది సెవిటిదని పట్టుకుంటారని బయమేసింది. నేదని సెప్పి పంపీసినాను."

"తెలిసినోళ్లు... ఒక్కనాడు అననేదేటే?"

"నువ్వు సెప్పనేదు కదా. నువ్వు దాసుకున్నదాన్ని మేమెలగ అంటాం?"

నూకరత్నం సందు మధ్యలో అలాగే కూర్చుండిపోయింది. ముత్యాలమ్మ వచ్చి పక్కన కూర్చుంది, రెక్క పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. నేను స్కూటర్ హ్యాండిల్ పట్టుకుని నిలబడి, మనుషులు చూస్తున్నారన్న సిగ్గు లేకుండా ఏడ్చాను. పాపం ఆ వాలంటీరు పిల్ల మాత్రం వేలిముద్ర ఎప్పుడు వేయించుకోవాలో తెలియక మిషను పట్టుకుని మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

ఆ పూటే వేలిముద్ర పడి పెన్షన్ అందింది. నూకరత్నం కూతురు చదువు మానలేదు. ఇప్పుడు ఇంటర్ అయిపోయింది. మా వరండాలో ఇప్పుడు పేర్లు అరవడం లేదు. పెద్ద అంకెలు రాసిన అట్టముక్కలు పొద్దున్నే చేతికిస్తాం, వంతు వచ్చినప్పుడు నేనే లేచి వెళ్లి భుజం తడతాను. ఎ రాయాలంటే ముందు బెంచీలన్నీ తిరిగి, ఒక్కో మొహం చూసి రావాలని మేడమ్ రూలు పెట్టారు. పాత రిజిస్టర్లు తీసి నేను రాసిన ఎర్ర అక్షరాలు చూసుకున్న రోజు భోజనం సయించలేదు. వాళ్లలో తోడు లేకుండా వచ్చి, పొద్దుటి నుంచి నా ఎదురుగానే కూర్చుని వెళ్లిపోయినవాళ్లు ఎందరో నాకు ఎప్పటికీ తెలియదు.

ఈ ఉద్యోగంలో ఆలస్యానికి సర్వర్లని, యంత్రాల్ని, వరసల్ని చాలా తిట్టాను. తిట్టాల్సినవే. కానీ ఒక మనిషికి వినపడదని తేల్చడానికి మాకు రెండు స్లాట్లు, మూడు ఆడియోమెట్రీలు, ఒక బేరా, ఒక మెమో కావలసి వచ్చాయి. ఆ సందులో చదువురాని ఆడవాళ్లకి అదే సంగతి పదేళ్ల కిందటే తెలుసు. తెలిసి, ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడ్డారు. నేను నేర్చుకున్నది అంతే. ఎదురుగా వెళ్లి నిలబడాలి.